భుజం మార్చని మొక్కు

ఆళ్లగడ్డ బస్టాండులో గురవయ్య సోడా అంగడి ముందు రెండు బల్లలుండేవి. 1958 జనవరిలో ఆ బల్లల మీద కూర్చున్నవాళ్లకు పత్తి ధర పట్టలేదు, పంచాయతీ గొడవలు పట్టలేదు. నంద్యాల కాలేజీ బాస్కెట్‌బాల్ జట్టు ఈసారన్నా పైకొస్తుందా, ఎప్పటిలాగే అడుగున పడి ఉంటుందా అన్నదే వాళ్ల బాధ. తమాషా ఏమిటంటే, ఆ ఆటను కళ్లతో చూసినవాళ్లు వాళ్లలో నలుగురైనా లేరు. "అడుగు లేని బుట్టలో బంతెయ్యడమేంది, అది కిందికి జారితే సంబరమేంది" అని మొదట్లో నవ్వినవాళ్లే ఇప్పుడు ఎవడు ఎన్ని ఫౌళ్లు చేశాడో వేళ్ల మీద లెక్కపెడుతున్నారు. వాదించడానికి ఆట తెలిసి ఉండాలని ఎవరూ చట్టం చేయలేదు కదా.

వాళ్లకింత పట్టింపు రావడానికి కారణం ఓబులేసు. ఆళ్లగడ్డకు రెండు మైళ్ల దూరంలోని పల్లెలో ఆదినారాయణ, యశోదమ్మల కొడుకు. యశోదమ్మ గురవయ్యకు తోడబుట్టిన అక్క. ఓబులేసు ఎత్తు ఆరడుగుల మూడంగుళాలు. సొంత ఇంట్లోకి కూడా నడుం వంచే వెళ్లేవాడు. నంద్యాల కాలేజీలో చేరిన మొదటి వారమే డ్రిల్లు మాస్టరు వాణ్ణి వరండాలో చూసి, పేరైనా అడక్కుండా బంతి చేతికిచ్చాడట.

ఈ ఏడాది హైదరాబాదు నుంచి ఒక అధికారి వచ్చి ఒక్కో కాలేజీ ఆట ఒక్కటి చూస్తాడని, నంద్యాల వంతు చివరి ఆటకని కబురు. ఆడుతున్న ఆరు కాలేజీల కుర్రాళ్లలోంచి ఇద్దర్ని ఎంచి వ్యాయామ శిక్షణకు తీసుకుపోతాడు. ఏడాది చదువు, తిండీ బసా సర్కారుదే, ఆ తర్వాత ఏదో ఒక హైస్కూల్లో డ్రిల్లు మాస్టరు ఉద్యోగం. ఓబులేసు కోరుకున్నది జీవితంలో ఆ ఒక్కటే. పుస్తకం ముందు వాడికి నిద్ర వచ్చేది, చేలో దిగులు వచ్చేది. ఆదినారాయణ కూడా కొడుకుతో తెగేసి చెప్పాడు. "ఈ ఒక్క ఏడాది సూచ్చా. సీటొస్తే పో, నేనడ్డం రాను. రాకపోతే కాలేజీ చాలిచ్చి చేన్లోకి రా. నేనొక్కణ్ణే చెయ్యలేకపోతాండా."

ఈ సంగతంతా తెలిసిన గురవయ్యకు, జట్టు గెలుపూ మేనల్లుడి బతుకూ వేరువేరుగా కనిపించేవి కావు. జట్టు ఓడిపోతే ఆ పెద్దమనిషి గెలిచిన కాలేజీ వైపు చూస్తాడు గానీ ఓడినవాళ్ల వైపెందుకు చూస్తాడు? అదీ ఆయన తర్కం. పిల్లల్లేని మనిషి. ఉన్న ప్రేమంతా తీసుకెళ్లి ఆ పొడుగు పిల్లాడి నెత్తిన పెట్టాడు.

మొదటి రెండు ఆటలూ పరాయి ఊళ్లలో జరిగాయి. రెండూ పోయాయి. ఆ వార్తను పోస్టుమాన్ బాలస్వామి, పేపరు చందాదారుకు అందకముందే, అంగడి బల్ల మీద విప్పి అందరికీ చదివి వినిపించాడు. బాలస్వామికి మంచి వార్త చదవాలంటే గొంతు పెగలదు. చెడ్డ వార్తయితే నాటకం పద్యంలాగా సాగదీస్తాడు.

"కర్నూలోల్లు పద్దెనిమిది పాయింట్లతో కొట్టినారు. అనంతపురమోల్లు ఇరవై రెండుతో కొట్టినారు. పోయేకొద్దీ పెరుగుతాంది గానీ తగ్గతాండ్లా," అన్నాడు కళ్లజోడు తీసి తుడుచుకుంటూ.

"ఇంగ మూడాటలుండాయి గదా," అన్నాడు గురవయ్య. "మూడూ గెలుస్తాం."

బల్లల మీద నవ్వులు.

"నవ్వండప్పా, నవ్వండి. ఐదిట్లో మూడు గెలిస్తే రెండో స్థానమొస్తాది. పై రెండు జట్లూ రాష్ట్రం పోటీలకు పోతాయి. లెక్క నేనూ సూసుకున్యా."

"నీ లెక్క బాగుండాదిలేన్నా," అన్నాడు హుస్సేన్ పీరా. నంద్యాల బస్సు డ్రైవరు అతను. జట్టు మీద గురవయ్యకున్నంత అభిమానమూ ఉంది, దాంతో పాటు ఆటను చూసిన తెలివీ ఉంది. "నేను ఆళ్లు సాధకం చేస్తాంటే సూసినా. మనోళ్లల్లో ముగ్గురికి బూట్లు ల్యా. ఉత్త కాళ్లతో ఉరుకుతాండారు. మన ఓబులేసుకు బంతందిస్తే ఏస్తాడు, కాదన్ల్యా. అందిచ్చేదెవురు? ఆ నలుగురూ బంతి సూస్తే పాముని సూసినట్ల ఎగురుతాండారు."

"నువ్వేమన్నా అను పీరా. గెలుస్తాం."

"యాడ గెలుస్తాం గురవయ్యా," అని బాలస్వామి పేపరు మడిచి సంచిలో పెట్టుకున్నాడు. "పిల్లోని మీద ఆశుంటే ఉండనీ. జట్టు మీద పెట్టుకోవాకు."

వాదన అక్కడితో ఆగిందనుకోకండి. బస్సు వచ్చింది, పోయింది. ఇంకో బస్సు వచ్చింది. గురవయ్య ఒక్కడూ ఒక పక్క, ఊరంతా ఒక పక్క. గెలుస్తారని అన్నవాడు ఆ రెండు బల్లల మీద ఆయన తప్ప ఇంకొకడు లేడు. ఎంత మంది కాదంటే అంత పట్టుదల పెరిగే మనిషి ఆయన.

మూడో ఆట నంద్యాలలోనే, మదనపల్లె కాలేజీతో. ఆ శనివారం గురవయ్య అంగడి మూసేసి హుస్సేన్ పీరా బస్సులో ముందు సీట్లో కూర్చున్నాడు. దారిపొడవునా ఇద్దరూ ఒకటే వాదన. బస్సు ఎద్దుల బండిని దాదాపు గుద్దబోయి తప్పుకుంది కూడా. పీరాకు ఆటను చివరిదాకా చూసే యోగం లేదు. సాయంత్రం ఐదున్నరకు బస్సు తీయాలి కాబట్టి సగం ఆట చూసి, సగం ఫలితం ఆళ్లగడ్డకు మోసుకుపోతాడు. మిగతా సగాన్ని మరునాటి పేపరు వచ్చేదాకా బల్లల మీదివాళ్లే ఆడుకుంటారు.

ఆ రోజు పీరా మోసుకుపోయిన సగం ఫలితం: మదనపల్లె ఇరవై మూడు, మనవాళ్లు పద్నాలుగు.

పీరా వెళ్లిపోయాక గురవయ్య ఒంటరివాడైపోయాడు. చుట్టూ ఉన్న కాలేజీ పిల్లలు అప్పుడే లేచి దుమ్ము దులుపుకుంటున్నారు. గచ్చు నేల మీద ఓబులేసు నడుం మీద చేతులు పెట్టుకుని, తల వంచుకుని నిలబడ్డాడు. ఆ తల వంపు గురవయ్య చూశాడు. అప్పుడే మొక్కడం మొదలుపెట్టాడు.

మొదట నూటొక్క టెంకాయలు. అహోబిలం నరసింహస్వామికి. రెండు బుట్టలు పడ్డాయి. సరే, గుండు కూడా ఇస్తానన్నాడు. ఇంకో రెండు పడ్డాయి, కానీ మదనపల్లె వాళ్లకూ పడ్డాయి. ఐదు నిమిషాలే మిగిలాయి, మూడు పాయింట్ల తేడా. గురవయ్యకు ఇక తన దగ్గర ఇవ్వడానికేమీ లేదనిపించింది. ఆయన కళ్లు ఓబులేసు మీద పడ్డాయి. ఆ పొడుగు ఒళ్లు, ఆ వెడల్పు భుజాలు.

"సామీ, నీ పారువేట పల్లకి మా అక్కోళ్ల పల్లెకొచ్చిన దినం మా ఓబులేసు మోస్తాడు. పొలిమేర కాణ్నుంచి తెలుపు దాకా మోస్తాడు," అనుకున్నాడు.

ఆ సీమలో పుట్టినవాళ్లకు దీని గురించి చెప్పనక్కర్లేదు. తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను. అహోబిలం నరసింహస్వామి తన పెళ్లికి జనాన్ని తానే స్వయంగా పిలుచుకుంటాడు. కనుమనాడు పల్లకి ఎక్కి బయల్దేరి, నలభై రోజులకు పైగా ఊరూరా తిరుగుతాడు. అదే పారువేట. ఊళ్లో ఆయన దిగే అరుగును తెలుపు అంటారు. పల్లకి మోసే బోయీలు తరతరాలుగా వస్తున్నవాళ్లు. ఓబులేసు వాళ్ల పల్లెలో మాత్రం, మొక్కుకున్నవాళ్లను కొంతదూరం ఒక భుజం పట్టనిచ్చేవారు.

ఆఖరి నిమిషం. ముప్పై ఆరు, ముప్పై అయిదు. మదనపల్లెదే పైచేయి. గురవయ్య లేచి నిలబడ్డాడు. "భుజం మార్చకుండా మోస్తాడు సామీ!" అని ఈసారి పైకే అరిచాడు. పక్కనున్నవాడు ఉలిక్కిపడి దూరం జరిగాడు.

బంతి ఓబులేసు చేతుల్లోంచి లేచి, ఇనుప చట్రం మీద రెండుసార్లు కొట్టుకుని, లోపలికి పడింది.

ఆట అయ్యాక మేనల్లుణ్ణి పట్టుకుని గురవయ్య మొక్కు సంగతి చెప్పాడు. ఓబులేసు చెమట తుడుచుకుంటూ నవ్వాడు. "నేను బంతెయ్యల్యా మామా, దేవుడేసినాడా?" అన్నాడు. మామ ముఖం మారడం చూసి వెంటనే, "అట్లనేలే, మోస్తా," అన్నాడు.

నాలుగో ఆటలో కడపను పదకొండు పాయింట్లతో కొట్టారు. ఇక చూడాలి గురవయ్య అంగడిని. బల్లలు చాలక జనం సైకిళ్ల మీద కాలు ఆనించి వాదించారు. ఎప్పుడూ సోడా తాగని ఆదినారాయణ కూడా వచ్చి తాగి, వింటూ నిలబడ్డాడు. అంతమంది మధ్య సంబరం అంటనివాడు బాలస్వామి ఒక్కడే.

"చివరాట తిరుపతోల్లతో," అన్నాడు. "ఆళ్లు నాలుగాడి నాలుగూ గెల్చినారు. ఆళ్లల్లో మనోని ఎత్తోల్లే ఇద్దురుండారంట. ఈ రెండు గెలుపులూ సూసి ఎగరబాకండి. శనివారం నేల మింద పడతారు."

"ఓబులేసు కుదురుగా ఆడితే సాలు బాలస్వామన్నా," అన్నాడు పీరా. "జట్టు ఓడినా సరే. ఆ హైదరాబాదాయప్ప సూసేది మనిషినే గానీ పట్టికను గాదు. కాలేజీ డ్రిల్లు మాస్టరే నాతో చెప్పినాడు."

అంటే జట్టు గెలవకపోయినా పిల్లాడు గట్టెక్కవచ్చు. ఈ ఒక్క మాటను గురవయ్య ఆ రోజు సరిగా విని ఉంటే ఈ కథ ఉండేది కాదు. ఆయన చెవికి "జట్టు ఓడినా" అన్నంతవరకే ఎక్కింది, ఒళ్లు మండింది.

చిక్కల్లా రోజులతో వచ్చింది. పల్లకి గురువారం పల్లెకు వస్తుంది. ఆట శనివారం. బుధవారం పొద్దున దాని మీద అంగడి ముందు పెద్ద పంచాయితీ నడిచింది.

"రెండు దినాల్లో ఆట పెట్టుకోని భుజం మింద పల్లకేంది అన్నా?" అన్నాడు పీరా. "దేవుడు యాడికి పోతాడు? ఆట అయినాక మోస్తాడులే."

"ఆట అయినాక పల్లకి యాడుంటాది? ఇంగో పల్లెలో ఉంటాది. ఆ పల్లెకు మళ్లా ఏడాదికి గదా వచ్చేది. నేను మొక్కింది ఆ పొలిమేర కాణ్నుంచి."

"అట్లయితే నువ్వు మొయ్."

"వాని పేరు సెప్పి మొక్కినా పీరా. నా భుజం చెల్లదు."

పీరా బాలస్వామి వైపు చూశాడు. అన్నిటికీ అడ్డం చెప్పే మనిషి, దీనికి మాత్రం చెప్పకపోతాడా అని. బాలస్వామి గడ్డం గోక్కున్నాడు.

"మోస్తే ఏమైతాదో నాకు తెల్దు," అన్నాడు చివరికి. "మొయ్యకుండా శనివారం ఓడిపోతే మాత్రం, గురవయ్య మొక్కు తీర్చక పిల్లోని నోట్లో మన్ను కొట్టినాడని ఊరంతా అంటాది. సచ్చేదాకా అంటాది."

ఓడిపోతారని నమ్మకంగా ఉన్న మనిషే అలా అనేసరికి గురవయ్యకు దారి మూసుకుపోయింది. అంతవరకు ఆయనకున్నది ఆశే. అప్పట్నుంచి భయం కూడా తోడైంది. సాయంత్రం బస్సుకే పీరా చేత ఓబులేసుకు కబురు పంపాడు.

గురువారం పొద్దున్నే ఓబులేసు వచ్చాడు. తలంటుకుని, పచ్చ పంచె కట్టుకుని, చొక్కా లేకుండా పొలిమేర దగ్గర నిలబడ్డాడు. జొన్న చేల మధ్య నుంచి మేళం వినిపించింది, తర్వాత గొడుగులు, తర్వాత పల్లకి. యశోదమ్మ టెంకాయల బుట్టతో ముందు నిలబడి కళ్లు ఒత్తుకుంది. కొడుకు పల్లకి మోస్తున్నాడంటే ఏ తల్లికి సంతోషం కాదు?

బోయీల పెద్ద ఓబులేసును కిందనుంచి పైదాకా చూసి తల అడ్డంగా ఊపాడు. బోయీలందరూ ఒకే ఎత్తువాళ్లు. భుజాలన్నీ ఒక్క వరసలో ఉంటేనే బరువు పంచుకుంటుంది.

"ఈ పొడుగాయన వద్దప్పా," అన్నాడు గురవయ్యతో. "ఈయప్ప నిటారుగా నిలబడితే పల్లకి కొయ్య మా భుజాల మింద ఆనదు. బరువంతా ఈయప్ప మిందనే పడతాది."

"పడనీలే," అన్నాడు గురవయ్య. "దేవుని బరువే గదా."

ఆ మాట ఆయనకు ఆ క్షణాన గొప్పగా వినిపించింది. చుట్టూ ఉన్నవాళ్లకు కూడా గొప్పగానే వినిపించింది. ఎవరో గోవిందా అన్నారు. ఓబులేసు వంగి కుడి భుజం కొయ్య కింద పెట్టాడు.

పొలిమేర నుంచి తెలుపు దాకా నడిచేస్తే పావుగంట దారి. కానీ పల్లకి నడిచేయదు. ప్రతి వాకిట్లో ఆగాలి, టెంకాయ కొట్టాలి, హారతి పట్టాలి. బోయీలు ఆగినప్పుడల్లా భుజం మార్చుకున్నారు, మనిషి మార్చుకున్నారు. ఓబులేసుకు రెండూ లేవు. మొదట మోకాళ్లు వంచి వాళ్ల ఎత్తుకు దిగి నడిచాడు. పది ఇళ్లు దాటేసరికి తొడలు వణికాయి. ఇక వంగలేక నిటారుగా నిలబడ్డాడు. బోయీల పెద్ద చెప్పినట్టే కొయ్య మిగిలినవాళ్ల భుజాల మీద నుంచి లేచింది.

గురవయ్య పక్కనే తువ్వాలుతో విసురుతూ నడిచాడు. మేనల్లుడి ముఖంలో రక్తం ఎక్కడం చూశాడు. పెదవి కొరుక్కోవడం చూశాడు. చూడలేదని తర్వాత ఎప్పుడూ అనలేదు.

"దించండ్రా, సాలు. పిల్లోడు అల్లాడిపోతాండాడు," అంది యశోదమ్మ.

"ఇంగ నాలుగిండ్లే అక్కా. మొక్కు సగంలో యాడ ఇడుస్తాం?"

నాలుగిళ్లు కావు, ఇరవై మూడిళ్లు. రెండు గంటలు పట్టింది. తెలుపు మీద పల్లకి దించాక ఓబులేసు భుజం మీద కొయ్య మందాన ఎర్రగా గుంట పడి ఉంది. చెయ్యి పైకెత్తి దణ్ణం పెట్టబోయాడు. ఎడమ చెయ్యి లేచింది. కుడిచెయ్యి రొమ్ము దాకా వచ్చి ఆగిపోయింది.

శుక్రవారమంతా యశోదమ్మ ఆముదం కాచి పట్టు వేసింది. వాపు మెడ దాకా పాకింది. శనివారం మధ్యాహ్నం నంద్యాల బస్సులో ఓబులేసు కిటికీ పక్కన కూర్చుని, చెయ్యి ఒళ్లో పెట్టుకున్నాడు. వెనక సీట్లలో ఆళ్లగడ్డ నుంచి ఆట చూడ్డానికి బయల్దేరిన ముప్పై మంది. వాళ్లు మాత్రం తిరుపతిని ఎన్ని పాయింట్లతో కొట్టాలో పందేలు కాస్తున్నారు. పీరా ఒక్కడే అద్దంలోంచి వెనక్కి చూస్తూ చూస్తూ బస్సు నడిపాడు.

ఆట మొదట్లో ఇద్దరు పొడుగువాళ్ల మధ్య రిఫరీ బంతి పైకి వేస్తాడు. ఓబులేసు ఎగిరాడు. చెయ్యి చెవి దాకా కూడా లేవలేదు. తిరుపతి పిల్లవాడు నింపాదిగా బంతి అందుకున్నాడు. అంతే. ఆట ఆ క్షణంలోనే అయిపోయింది. మిగిలిన నలభై నిమిషాలూ దాన్ని సాగదీయడమే. ఓబులేసు ఎడమ చేత్తో వేయబోయాడు. బంతి బుట్ట వెనకున్న పలక అంచుకు తగిలి జనంలో పడింది. ఎవరో నవ్వారు. ఇంకోసారి వేశాడు. ఈసారి చాలామంది నవ్వారు. బుట్ట కింద తోపులాటలో ఎవడిదో మోచెయ్యి ఆ భుజానికే తగిలి వాడు మోకాళ్ల మీద కూలబడ్డాడు. మళ్లీ లేచాడు. మాస్టరు బయటికి రమ్మన్నా రాలేదు.

హైదరాబాదు అధికారి వేపచెట్టు నీడలో కుర్చీ వేసుకుని చిన్న పుస్తకంలో రాసుకుంటున్నాడు. గురవయ్య ఆయన వెనకే నిలబడ్డాడు. "ఆ పొడుగాటి కుర్రాడేనా మీరు చెప్పింది?" అని ఆయన పక్కనున్న మాస్టర్ని అడగడం విన్నాడు. మాస్టరు అవునన్నాడు. అధికారి పేజీ తిప్పాడు.

సగం ఆట విరామంలో గురవయ్య ఉండబట్టలేక ఆయన ముందుకు వెళ్లి చేతులు జోడించాడు.

"దొరా, ఆ పొడుగు పిల్లోడు ఎప్పుడూ ఇట్ల ఆడడు. మొన్న గురువారం దేవుని పల్లకి మోసినాడు. భుజం వాసింది. దానికే చెయ్యి లేస్తాండ్లా. మీరు దయసూడాల."

ఆయన చెడ్డవాడు కాదు. కళ్లజోడు పైకి తోసుకుని, శ్రద్ధగానే విన్నాడు.

"ఆటకు రెండు రోజుల ముందు భుజం మీద అంత బరువు ఎత్తుకున్నాడా?" అన్నాడు. "తన ఒళ్లు తాను చూసుకోవడం తెలియనివాడికి పిల్లల్ని ఎలా అప్పగిస్తామండీ? నేర్పాల్సిన మొదటి పాఠమే అది కదా."

నేనే మోయించాను అని చెప్పాలి. నోటి దాకా వచ్చింది. పిల్లాడిది తప్పు కాదు, మొక్కింది నేను, రమ్మని కబురు పెట్టింది నేను, దించమంటే దించనివ్వనిది నేను. గురవయ్య నోరు తెరిచాడు. ఈల మోగింది. అధికారి ఆట వైపు తిరిగాడు. ఆ ఈల మోగకపోతే చెప్పేవాడినే అని గురవయ్య తర్వాత తనకు తాను వందసార్లు చెప్పుకున్నాడు. ఒక్కసారి కూడా నమ్మలేదు.

యాభై ఎనిమిది, ఇరవై ఒకటి. తిరుపతి కుర్రాణ్ణి ఒకణ్ణి, అనంతపురం కుర్రాణ్ణి ఒకణ్ణి ఎంచుకుని అధికారి వెళ్లిపోయాడు.

నెల తిరిగేలోగా ఓబులేసు పెట్టె సర్దుకుని ఇంటికొచ్చేశాడు. ఆదినారాయణ మాట మీద నిలబడే మనిషి, కొడుకూ అంతే. భుజం వాపు తగ్గింది గానీ చెయ్యి మాత్రం భుజం ఎత్తు దాటి పైకి లేవలేదు. కట్టుకట్టేవాళ్ల దగ్గరికి తిప్పారు, కర్నూలు పెద్దాసుపత్రికి తీసుకెళ్లారు. ఇంతే అన్నారు. మడక పట్టి దున్నడానికి చెయ్యి పైకి లేవాల్సిన పనిలేదు కనుక ఇంట్లో ఎవరూ దాని గురించి ఎక్కువ మాట్లాడలేదు.

ఊరు గురవయ్యను ఒక్క మాట అనలేదు. మొక్కు తీర్చాడు, ఇంకేం చేస్తాడు అన్నారు. బాలస్వామి అయితే, నేను ముందే చెప్పాను కదా తిరుపతి వాళ్లతో కాదని, అని ఊరుకున్నాడు. ఆయన దృష్టిలో ఓడిపోయింది జట్టు. పీరాకు మాత్రం నిజం తెలుసు. అతను కొన్నాళ్లు అంగడికి రావడం మానేసి, మళ్లీ వచ్చాడు.

మరుసటి జనవరిలో లీగు మళ్లీ మొదలైంది. బల్లలు మళ్లీ నిండాయి. ఇప్పుడు ఓబులేసు కూడా వాళ్లలో ఒకడు. శనివారాలు బండి మీద పత్తి తెచ్చి వేసి, ఎద్దుల్ని నీడన కట్టి, బల్ల చివర కూర్చుంటాడు. ఆ ఆట ఆడినవాడు ఆ బల్లల మీద వాడొక్కడే కనుక అందరూ వాడి మాట వింటారు. వాడు మట్టిలో పుల్లతో గీతలు గీసి, ఎవడు ఎక్కడ నిలబడాలో చూపిస్తాడు. చూపిస్తూ చూపిస్తూ ఒక్కోసారి కూర్చున్నచోటే బంతి వేయబోయినట్టు కుడిచెయ్యి కదుపుతాడు. అది సగంలో ఆగుతుంది. అప్పుడు గురవయ్య తల తిప్పుకుంటాడు.

ఒక మధ్యాహ్నం బస్సు వెళ్లిపోయి, జనం పలచబడి, మామా అల్లుళ్లిద్దరే మిగిలారు. గురవయ్యకు ఇక మోయడం చేతకాలేదు.

"ఓబులేసూ, నీకొక మాట సెప్పాల రా. ఆ దినం నంద్యాలలో ఆ హైదరాబాదాయన దగ్గిర..."

"తెలుసు మామా," అన్నాడు ఓబులేసు.

"ఏం తెలుసు?"

"ఆట అయినాక ఆయప్ప నన్ను పిల్చినాడు. మీ ఊరాయన ఎవరో పల్లకి సంగతి సెప్పినాడు, నీ అంతట నువ్వే మోసినావా, ఎవరన్నా బలవంతంగా మోయించినారా అని అడిగినాడు. మోయించినారంటే ఇంగో ఏడాది సూస్తానన్నాడు."

గురవయ్య ముందుకు వంగాడు. "నువ్వేమంటివి?"

"నేనే మోసినానంటి."

"యానికిరా? యానికట్ల అంటివి? నా పేరు సెప్పింటే ఏం పాయ? నేనేమన్నా ఉరేసుకుంటానా?" గురవయ్యకు కోపం వచ్చింది, అది ఎవరి మీదో ఆయనకే తెలియలేదు.

ఓబులేసు చేతిలో పుల్లను విరిచి కింద పడేశాడు. లేచి ఎద్దుల పలుపు విప్పుతూ, మామూలుగా, చేను గురించి చెప్పినట్టు చెప్పాడు.

"ఊరంతా ఓడిపోతారు, ఓడిపోతారు అంటాంటే, గెలుస్తామని అనింది నువ్వొక్కనివే గదా మామా. అట్లాంటి నిన్ను ఆయప్ప ముందర ఎట్ల పట్టిచ్చేది?"

బండి కదిలింది. గురవయ్య బల్ల మీద నుంచి లేచి సోడా బుడ్ల పెట్టె వెనక్కి వెళ్లి నిలబడ్డాడు. అక్కడ చేయాల్సిన పనేమీ లేదు. గోడ వైపు తిరిగి, ఉన్న బుడ్లనే ఒకటొకటిగా తీసి మళ్లీ పెట్టసాగాడు.